మరిది నిలబడ్డ చోటు

కదలొద్దన్నాడు చిత్రకారుడు. అని తనే వెనక్కి నడిచి, తల ఒక పక్కకు వాల్చి, కుంచె కొన పళ్ల మధ్య బిగించి, మనుషుల్ని కాక మనుషుల మధ్య ఉన్న సందుల్ని చూస్తున్నట్టు కళ్లు చికిలించాడు. ఆమె కదలలేదు. ఎడమ చంకలో నిద్రపోతున్న కూతురు, కుడి భుజం మీద మరిది చెయ్యి, కాళ్ల దగ్గర గంప పెట్టుకుని చిక్కుళ్లు ఒలుస్తున్నట్టు తల వంచి కూర్చున్న అత్త, వెనక సగం కోసిన గోధుమ చేను, చేను వెనక వాగు, వాగు అవతల నీలంగా కొండలు. పక్కన ఒక ఆవు. ఆవు వాళ్లది కాదు. వాళ్ల ఆవు డొక్కలు బయటపడి బొమ్మకు పనికిరాదని, పాలవాడి కొట్టం నుంచి నున్నటి ఎర్రావును తోలుకొచ్చి కట్టేశారు. ఆమె భుజాల మీది నీలి శాలువా ఆమెది కాదు, చిత్రకారుడి పెట్టెలోంచి వచ్చింది. మరిది తొడుక్కున్న చొక్కా అతనిది కాదు, పోయినవాడిది. ఇన్ని కానివాటితో గీసే ఈ బొమ్మకు పేరేమిటని పొద్దున మరిది అడిగితే, పొలంలో కుటుంబం అని చాలా సంబరంగా చెప్పాడు చిత్రకారుడు. పట్నంలో ఏదో పెట్టె ముందు నిలబెట్టి కన్ను మూసి తెరిచేలోగా బొమ్మ తీసే యంత్రం వచ్చిందటగా, అదేదో తెచ్చుకుంటే అందరికీ పని తెమిలేదిగా అని మరిది గొణిగితే, దానికి రంగు తెలియదయ్యా, దానికి పొద్దు తెలియదు అని కోప్పడ్డాడు. ఆయనకు కావలసింది ఈ గంట వెలుగు. పొద్దు కొండల మీదికి జారి, కోసిన మోళ్ల మీద పసుపు కాస్తా ఎరుపుకు తిరిగే గంట. ఆమెకు మాత్రం ఆ గంట ఇంకొక విధంగా లెక్క. పొద్దు వాలే వేళకు దొరగారు బొమ్మ చూడటానికి వస్తారు. వెంట గుమాస్తా వస్తాడు. వచ్చి ఆమె జవాబు అడుగుతాడు.

జవాబు అంటే పెద్ద మాటేమీ కాదు, ఊఁ అంటే చాలు. కౌలు కాగితం మగవాడి పేరు మీదే ఉండాలి, ఆడమనిషికి పొలం ఇచ్చే ఆనవాయితీ లేదు, మీ ఆయన పోయాక జాలిపడి ఇన్నాళ్లు ఊరుకున్నాం, ఇక మగదిక్కు చూసుకో అన్నాడు గుమాస్తా. మగదిక్కు ఎక్కడో వెతుక్కోనక్కర్లేదట, ఇంట్లోనే ఉందట. పెళ్లికాని కుర్రాడికి మాత్రం కాగితం రాయరట. మరిదిని కట్టుకుంటే పొలమూ ఇంట్లోనే ఉంటుంది, ఇల్లూ ఇంట్లోనే ఉంటుంది. ఆ మాట అన్నప్పుడు గుమాస్తా పందిరి గుంజకు ఆనుకుని గోరుతో పళ్లు కుట్టుకుంటున్నాడు. మనిషి బతుకును మడతపెట్టి ఇంకో మనిషి బతుకులో దోపడం అంత తేలిక అన్నట్టు.

భుజం మీద చెయ్యి బరువుగా లేదు. బరువుగా ఉంటే బాగుండేది, విదిలించుకోవచ్చు. పిచ్చుక వాలినట్టుంది, వేళ్లు ఆనీ ఆననట్టు, ఎప్పుడు ఎగిరిపోదామా అన్నట్టు, అరచేతి చెమట మాత్రం శాలువా దాటుకుని ఒంటికి తగులుతోంది. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజున ఇదే చెయ్యి తలుపు సందులోంచి వచ్చి ఆమె మూటను ముట్టుకుని మళ్లీ లోపలికి పోయింది. తలుపు వెనక పిల్లి ఉందేమో అనుకుంది. పిల్లి కాదు, పాలపళ్లు ఊడుతున్న మరిది. ఇంట్లో అందరూ చిన్నోడు అనేవారు, ఇప్పుడు గుమ్మం తలకు తగిలేంత ఎదిగినా చిన్నోడే. పన్ను ఊడితే తెచ్చి వదిన చేతిలో పెట్టేవాడు, అదేదో తను సంపాదించిన ఆస్తి అయినట్టు. తలలో పేలు దువ్వింది ఆమె. ఎవరి గూట్లోంచో గుడ్లు ఎత్తుకొస్తే చెవి మెలిపెట్టి మళ్లీ అక్కడే పెట్టించింది ఆమె. జ్వరం వచ్చిన రోజుల్లో వాడి అన్న దూరంగా నిలబడి, ఎలా ఉంది, తగ్గిందా అని అడిగేవాడు తప్ప దగ్గరికి వచ్చేవాడు కాదు, జబ్బంటే అంత భయం ఆ మనిషికి. నీళ్లంటే మాత్రం భయం లేకపోయింది. ఉంటే బాగుండేది. ఎంతమందికి ఉంటుంది నీళ్లంటే భయం, ఉన్నవాళ్లంతా హాయిగా బతుకుతున్నారుగా.

మెడ వెనక ఈగ. కదలకూడదు. ఈగకు ఆ సంగతి తెలిసిపోయింది కాబోలు, తీరిగ్గా నడుస్తోంది. చిత్రకారుడి వైపు నుంచి నూనె వాసన, గోధుమ గడ్డి వాసనలో కలవకుండా విడిగా వచ్చి ముక్కుకు తగులుతోంది. ఆయన ఇప్పుడు రాళ్ల గోడ గీస్తున్నాడేమో, చూపు పొలం అంచున పాకుతోంది. గీయి నాయనా గీయి, ఆ గోడలో ప్రతి రాయీ ఈ నేలలోంచి వచ్చిందే. పెళ్లయిన కొత్తలో మాటలకంటే రాళ్లే ఎక్కువ ఏరారు తనూ భర్తా. నాగలి దించితే చాలు ఖంగుమనేది. ఆయన పలుగుతో పెళ్లగిస్తే ఆమె దొర్లించేది. ఒకసారి పెద్ద బండ ఎంతకీ లేవక, దానికి చెరోవైపు కూర్చుని ఇద్దరూ నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎందుకు నవ్వారో గుర్తులేదు, నవ్వడం గుర్తుంది. మంచివాడేగానీ మహా మొండి. కోపం వస్తే మాట మానేసేవాడు, అన్నం మానేవాడు కాదు. మాట్లాడకుండా కూర్చుని తిని, మాట్లాడకుండా గిన్నె ఆమె వైపు తోసేవాడు. పాట రాదు, పాడేవాడు. ఆవులు కూడా తలతిప్పుకునేవి. గోడ పూర్తయిన రోజున చివరి రాయి ఆమె చేతే పెట్టించి, ఇది నీ గోడ అన్నాడు. పొలం దొరగారిది, రాళ్లు పొలానివి, గోడ మాత్రం ఆమెదట. ఆ మాటకు అప్పుడు మురిసిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో తప్పేమీ లేదు. ఎవరు మోశారు, ఎవరు పేర్చారు, ఎవరి గోళ్లు విరిగాయి?

అమ్మా, తల కొంచెం ఎత్తావు, దించు అన్నాడు చిత్రకారుడు. దించింది. దించగానే కూతురి నుదురు కనబడింది, నుదుటి మీద చెమటకు అతుక్కున్న వెంట్రుకలు, తెరుచుకున్న నోరు. ఆ గడ్డం తండ్రిదే. దీనికి తండ్రి గుర్తుండడు. చొక్కా గుర్తుంటుందేమో. పొద్దున మరిది ఆ చొక్కా వేసుకుని బయటికి రాగానే ఇది పరుగెత్తుకుని వెళ్లి ఆ చొక్కా అంచులో మొహం దాచుకుంది, మరిది అలాగే కొయ్యబారిపోయి నిలబడ్డాడు. మరిది చొక్కా చిరిగిందని, దొరగారి బొమ్మలో చిరుగులు బాగుండవని గుమాస్తా చెబితే అత్తే పెట్టెలోంచి తీసింది. తీసి దులిపింది. దులిపేటప్పుడు ఒక్క క్షణం ముక్కు దగ్గర పెట్టుకోవడం ఆమె చూసింది, చూడనట్టు పొయ్యి వైపు తిరిగింది.

ఆ రోజు కూడా పొయ్యి దగ్గరే ఉంది. పగలే చీకటి కమ్మినట్టుంది వాన. వాగు గట్టు ఎగువన తెగిందని ఎవరో అరుచుకుంటూ పోయారు. గుమాస్తా తడిసి ముద్దై వచ్చి గడప బయట నిలబడి, తూము తలుపు ఎత్తకపోతే దొరగారి పిండిమర కొట్టుకుపోతుంది, దాని కీలు నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, రావాలి అన్నాడు ఆమె భర్తతో. మీ చేతులకేమైంది అని ఆమె అడిగింది. ఆ మాట గుమాస్తాకు వినబడిందో లేదో. ఆయనకు వినబడింది, నవ్వాడు. పిండిమర పోతే ఊరంతా పిండికి ఎక్కడికి పోతుంది, మనమూ తినొద్దా అన్నాడు. పొయ్యి ఆరనివ్వకు, తడిసి వస్తాను అన్నాడు. అంతే. అంతకంటే పెద్ద మాటలేవీ అనుకోలేదు, అనుకోవాలని ఎవరికి తెలుసు? తూము ఎత్తాడు. నీళ్లు పక్కకు మళ్లాయి. పిండిమర నిలబడింది. ఆయన మాత్రం రాలేదు. ఇప్పటికీ తిరుగుతోంది పిండిమర, ఇదిగో, గాలి ఇటు వీచినప్పుడల్లా దాని చక్రం చప్పుడు వినిపిస్తూనే ఉంది. దొరసాని పళ్ల బుట్ట పంపింది. దొరగారు స్వయంగా వచ్చి, మా మనిషి, మా కోసం ప్రాణం ఇచ్చాడు అన్నారు. మా మనిషి అట. బతికి ఉన్నన్నాళ్లూ కౌలుదారు, పోయాక మా మనిషి. ఆమె ఆ పళ్లు ముట్టుకోలేదు. పందులకు వెయ్యబోతుంటే అత్త లాక్కుని, పళ్లేం చేశాయే అని పిల్లకు తినిపించింది. అదీ నిజమే, పళ్లేం చేశాయి.

ఆ ఏడాది నాగలి ఆమె పట్టింది. మరిది అప్పట్లో గుండె చెదిరి పొలం గట్టు కూడా ఎక్కలేకపోయాడు, వాగు కనబడితే చాలు వాంతి చేసుకునేవాడు. ఆమె నాగలి మేడి మీద చెయ్యి వేస్తే ఎద్దులకే నమ్మకం కుదరలేదు, ఆగి వెనక్కి చూశాయి. మొదటి చాలు పాము పోయినట్టు పోయింది. బాట మీద నిలబడి నవ్వినవాళ్లు నవ్వారు, పాపం అన్నవాళ్లు అన్నారు, రెండూ ఒకేలా వినిపించాయి. రాత్రి అరచేతులు పొంగి మంట పుడితే చన్నీళ్లలో ముంచుకుని ఏడ్చింది, పొద్దున్నే గుడ్డపేలికలు చుట్టుకుని మళ్లీ పోయింది. ఆ బొబ్బలు పగిలి, మళ్లీ కట్టి, ఇప్పుడు అరచేయి చెక్కలాగా అయింది. చాళ్లు తిన్నబడ్డాయి. పంట వచ్చింది, కౌలు చెల్లింది, తిండి మిగిలింది. ఇదిగో ఇప్పుడు వెనక గాలికి గరగరమంటున్న ఈ గోధుమ, సగం కోసింది, సగం కోయవలసింది, దీన్ని విత్తింది ఎవరు? ఈ బొమ్మలో ఆ సంగతి ఉండదు. ఈ బొమ్మలో పక్కన మగవాడు నిలబడి ఉంటాడు, చూసినవాళ్లు పంట అతనిదనుకుంటారు. నీలి శాలువాలో ఆమె బిడ్డను చూసుకుంటూ మురిసిపోతూ ఉంటుంది. అరచేతులు బిడ్డ ఒంటి కింద పడి కనబడవు.

"కళ్లు దించి బిడ్డను చూడమ్మా," అన్నాడు చిత్రకారుడు. "కాస్త నవ్వు. ఇదంతా నీదే అన్నట్టు ఉండాలి మొహం."

ఇదంతా నీదే అన్నట్టు. పాపం ఆయనకు తెలియదు. మంచివాడే, దగ్గు మనిషి, పొద్దున వాళ్లు పెట్టిన రొట్టె ముక్క ఆబగా తిని, పిల్లకు ఎర్ర రంగు అంటిన వేలు చూపించి ఆడించాడు. ఇలాంటి బొమ్మలంటే పట్నంలో పడిచస్తారట. రైళ్ల పొగలో, రాళ్ల వీధుల్లో తిరిగి తిరిగి ఇంటికి పోయి గోడ మీద ఇలాంటిది చూసుకుంటే కళ్లు చల్లబడతాయట. ఒకరి కళ్లు చల్లబడటానికి ఇంకొకరు ఎండలో నిలబడాలి కాబోలు. దొరగారి హాలు ఆమె ఒకసారి చూసింది. వాళ్లింట్లో పెళ్లికి నేల తోమడానికి పిలిస్తే వెళ్లింది. మోకాళ్ల మీద పాకుతూ తోముతుంటే తల ఎత్తినప్పుడల్లా గోడల మీద బంగారు చట్రాల్లో బొమ్మలు. దొరగారి గుర్రం, నిగనిగలాడుతూ. దొరగారి వేటకుక్కలు, నాలుక చాపి. బల్ల మీద కోసిపెట్టిన పళ్లు, కాళ్లు కట్టేసి తలకిందులుగా వేలాడదీసిన పిట్టలు. అన్నీ దొరగారివే, అన్నీ ముద్దుగా ఉన్నాయి, ఒక్కటీ ఆయనకు ఎదురుగా తిరిగి చూడటం లేదు. రేపు ఈ బొమ్మ ఆ గోడకు ఎక్కుతుంది. గుర్రానికీ కుక్కలకూ మధ్య ఎక్కడో. భోజనాలయ్యాక చుట్ట కాల్చుకుంటూ వచ్చినవాళ్లకు దొరగారు చూపిస్తారు, వీళ్లు మా పొలం మనుషులు, ఎంత సుఖంగా ఉన్నారో చూడండి అని. భర్త, భార్య, బిడ్డ, ముసలమ్మ, ఆవు. అప్పుడు వాగులోంచి ఎవరూ లేచి వచ్చి, అది నా చొక్కా అనరు.

కాళ్ల దగ్గర అత్త ఒలిచిన చిక్కుళ్లే మళ్లీ ఒలుస్తోంది. తల ఎత్తదు. ఎత్తవద్దని చిత్రకారుడు చెప్పకముందే ఆమె కూర్చున్న తీరు అది, ఎప్పుడూ అంతే, ఎవరి ఎదుటా తల ఎత్తి ఎరగదు. పొద్దున పెరట్లో గిన్నెలు కడుగుతూ, ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది. మామ అని ఆమె పిలిచిన మనిషి అత్తకు మొదటి మొగుడు కాదట. మొదటివాడు ఈ ఇంటి పెద్దకొడుకు, రాళ్ల గనిలో పోయాడు. అప్పటికి ఆమె భర్త అత్త కడుపులో ఉన్నాడు. ఏడాది తిరక్కుండా తమ్ముడికి కట్టబెట్టారు. చిన్నోడు ఆయనకు పుట్టాడు. ఆ రోజుల్లోనూ ఇదే పొలం, ఇదే కౌలు, ఇంకో గుమాస్తా. "నన్నెవరూ అడగలేదు. నేను ఒప్పుకున్నాను. చచ్చానా?" అంది అత్త, బూడిద చేతులతో గిన్నె తోముతూ. "నిన్ను అడుగుతున్నారు, అదే గొప్ప." కోపంగా అనలేదు. బతిమాలినట్టూ అనలేదు. తను నడిచిన దారిలో ముల్లు ఎక్కడుందో చెప్పినట్టు అంది. ఆమె మాత్రం, అత్తా మామా ఒకచోట కూర్చుని మాట్లాడుకోగా తను ఒక్కనాడైనా చూసిందా అని వెతుక్కుంది. చూడలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని, సత్రంలో దిగినవాళ్లలాగా బతికారు. మామ పోయిన రోజున అత్త ఏడవలేదు, వాకిలి రెండుసార్లు ఊడ్చింది. ఎందుకా అని అప్పుడు అనుకుంది. చావలేదు, నిజమే. చావకుండా ఉండటమేనా మనిషి చెయ్యవలసింది?

"ఏమయ్యా," చిత్రకారుడు గొంతు పెంచాడు, "ఆ చెయ్యేంటి, ముళ్లకంప మీద పెట్టినట్టు? గట్టిగా పెట్టు. మీ ఆవిడేగా."

తల తిప్పకుండానే ఆమెకు మరిది మొహం కనబడింది, చెవి మెలిపెట్టినప్పటి మొహమే. వాడికి కమ్మరి కూతురంటే ఇష్టం. నాగలి కర్రు అరక్కపోయినా నెలకోసారి సానపట్టించుకొస్తాను అంటూ బయలుదేరుతాడు, కర్రు ఆ సానకే అరిగిపోతోంది. ఆ పిల్లా తక్కువదేం కాదు, తండ్రి సమ్మెట కొడుతుంటే తిత్తి ఊదుతూ వీణ్ని చూసి నిప్పురవ్వలు ఎగరగొడుతుంది. ఈ సంగతి ఇంట్లో ఆమెకు ఒక్కదానికే చెప్పుకున్నాడు. చెప్పుకుని, అమ్మకు చెప్పొద్దు వదినా అన్నాడు. మొన్న గుమాస్తా వచ్చి వెళ్లాక రాత్రి కొట్టంలో గడ్డి మీద పడుకుని పైకి చూస్తూ, నేనేం చెయ్యను వదినా, కాదంటే నిన్నూ పిల్లనూ బజార్న పడేసినవాణ్నవుతాను, అవునంటే మా అన్న మొహం ఎలా చూడను అన్నాడు. చచ్చినవాడి మొహం చూడనక్కర్లేదురా, బతికున్నదాని మొహం చూడు, కమ్మరి కూతురి మొహం చూడు అని అప్పుడే అనవలసింది. అనలేదు. ఆలోచిద్దాం పడుకో అంది. ఆలోచించడానికి ఏముంది? ఇద్దరు మనుషులు ఒకరినొకరు జీవితాంతం క్షమించుకుంటూ బతకడానికి ఒక కాగితం కావాలట, దాని పేరు కౌలట.

గట్టిగా పెట్టు. ఆ మాట చెవిలో నిలిచిపోయింది. వేళ్లు ఒకటొకటిగా భుజం మీద ఆనుతున్నాయి, చెప్పిన పని చెయ్యడం వాడికి అలవాటు, ఆమే నేర్పింది. అయిదో వేలు కూడా ఆనితే ఇక అది చిత్రమైపోతుంది. నూనె ఆరిపోతుంది. వందేళ్లు ఆ చెయ్యి అక్కడే ఉంటుంది, వాడు పోయినా ఆమె పోయినా. కూతురు పెద్దదై ఏ నేలో తోమడానికి ఆ హాలుకు వెళ్లి తల ఎత్తితే, మా అమ్మా నాన్నా అనుకుంటుంది.

"చిన్నోడా, చెయ్యి తియ్యి," అంది ఆమె.

పెద్దగా అనలేదు. చెయ్యి లేచిపోయింది. ఎంత త్వరగా లేచిందంటే ఆవు బెదిరి తాడు లాగింది. ఆమె తల ఎత్తి చిత్రకారుడి కళ్లలోకి చూసింది. ఇతను నా భర్త కాదు, మరిది అని చెప్పింది. భర్త పిండిమర కాపాడబోయి వాగులో పోయాడని చెప్పింది. చిత్రకారుడు కుంచె పట్టుకున్న చేతిని దించేసి, గుమాస్తా భార్యాభర్తలనే చెప్పాడే అని నసిగాడు. రేపు జరగాలని ఆయన కోరుకునేది ఇవాళే జరిగినట్టు చెప్పాడండీ అంది ఆమె. ఆ తర్వాత నోరు ఆగలేదు. శాలువా తీసి మడిచి గోడ మీద పెట్టింది. పిల్లను కుడి చంకలోకి మార్చుకుంది. "మీరు గీయండి, నేను నిలబడతాను. ఎంతసేపైనా నిలబడతాను. ఇతను మాత్రం ఇక్కడ నిలబడడు. ఈ చోటు ఖాళీగా ఉంచండి."

మరిది అప్పటికే బొమ్మలోంచి బయటికి నడిచి, చిత్రకారుడి వెనక్కి వెళ్లి నిలబడి, మోచేత్తో మొహం తుడుచుకుంటున్నాడు. చెమటో ఏమో.

చిత్రకారుడు బొమ్మ వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. "బొమ్మ నడిమధ్య గొయ్యి పడ్డట్టుంటుందమ్మా," అన్నాడు చివరికి. "చూసినవాళ్ల కన్ను అక్కడే పడుతుంది."

"పడనివ్వండి. మా కళ్లూ అక్కడే పడుతున్నాయి."

చిత్రకారుడికి దగ్గు వచ్చింది, దగ్గాడు. తర్వాత గుడ్డపేలిక తీసుకుని నూనెలో తడిపి బొమ్మ మీద రుద్దడం మొదలుపెట్టాడు. ఏం రుద్దుతున్నాడో ఆమెకు కనబడదు, మరిదికి కనబడుతుంది. మరిది మొహం మెల్లగా తేటబడటం చూసి అర్థం చేసుకుంది. అత్త చేతి చిక్కుడు గింజ ఒకటి గంపలో పడబోయి బయట పడింది, తీసుకోలేదు.

బాట మీద గుర్రం డెక్కల చప్పుడు. దొరగారు దిగారు, వెనక గుమాస్తా రొప్పుకుంటూ వచ్చాడు. దొరగారు మనుషుల వైపు చూడలేదు, నేరుగా బొమ్మ దగ్గరికి పోయారు. వంగి చూశారు. మగవాడు ఏడీ, నిన్న చూపించిన చిత్తు గీతల్లో ఉన్నాడే, ఎందుకు చెరిపావని అడిగారు. ఈ దెబ్బకు చిత్రకారుడు మాట మారుస్తాడని ఆమె అనుకుంది, పొట్టకూటి మనిషి, తప్పేముంది. ఆయన పేలికను వేళ్ల మధ్య నలుపుకుంటూ, "చెరపలేదండీ. అక్కడ ఎవరూ లేరు. పిండిమర కాపాడబోయి పోయాడట," అన్నాడు. అని, తనే బెదిరిపోయినట్టు రంగుల పలక మీదికి వంగిపోయాడు.

అప్పుడు దొరగారు ఆమె వైపు చూశారు. ఆ చూపు ఆమెకు తెలుసు, గుర్రం పళ్లు చూసే చూపు. ఎదురుగా తిరిగి చూసింది. పిల్ల నిద్రలో కదిలింది, అయినా రెప్ప వాల్చలేదు. గుమాస్తా మధ్యలోకి వచ్చి, ఏమ్మా ఏమనుకున్నావు, ఊఁ అంటావా లేదా అన్నాడు. ఆమె గుమాస్తాకు కాదు, దొరగారికి చెప్పింది. మరిదిని కట్టుకోనంది. పోయిన పంటా ఈ పంటా దున్నింది తానేనని, కౌలు ధాన్యం మీ కొట్టుకు చేరిందో లేదో మీకు తెలుసని, ఇకముందు కాగితం తన పేరు మీదే రాయాలని చెప్పింది. రాయకపోతే మా పంట కోసుకుని పోతాం, పోయేముందు ఈ బొమ్మలోంచి కూడా లేచిపోతాం, మీకు ఆవు మిగులుతుంది, అది కూడా పాలవాడిది అంది. మరిదికి నవ్వు వచ్చింది, ఆపుకోలేక దగ్గులోకి మార్చాడు.

గుమాస్తా మొహం జేవురించింది. ముసలమ్మా నీ కోడలికి చెప్పు అన్నాడు కిందికి చూసి. దొరగారు కూడా అటే చూశారు. ఊరంతటికీ తెలుసు, అత్త దొరల మాటకు ఎదురు చెప్పదు. అత్త తల ఎత్తలేదు. "దానికి నోరుంది. నన్నెందుకు అడుగుతారు?" అంది గంపతో చెబుతున్నట్టు.

దొరగారు చేతి తొడుగు ఒకటి తీసి మళ్లీ వేసుకున్నారు. ఆయనకు జాలి కలగలేదు, సిగ్గూ కలిగి ఉండదు. వచ్చే వారం ఇంటికి చుట్టాలొస్తున్నారు, వాళ్లకు ఈ బొమ్మ చూపించాలని దొరసాని అందరికీ చెప్పేసింది. పైగా ఈ రాళ్ల నేల కావాలని ఇంకెవరూ అడగలేదు, అడిగినవాడు గుమాస్తా బావమరిది ఒక్కడే, వాడి బద్ధకం దొరగారికి తెలుసు. "ఎవరు దున్నితే నాకేం," అన్నారు. "ఏడాదికి రాయి. పంట తగ్గితే ఖాళీ చేయించు." గుమాస్తా, ఆడదాని పేరు ఎలా రాస్తామండీ, ఫలానావాడి పెళ్లాం అని రాయమంటారా అన్నాడు. ఆమె తన పేరు రాయమంది. దొరగారు అప్పటికే గుర్రం ఎక్కుతున్నారు. ఏదో ఒకటి రాసి తగలెయ్యి అని వెళ్లిపోయారు.

ఏడాది. అంతే ఇచ్చాడు. మళ్లీ ఏడాదికి మళ్లీ నిలబడాలి, మళ్లీ చెప్పాలి. చెబుతుంది. నోరు ఒకసారి తెరుచుకున్నాక మూయడం ఎవరి తరం, తన తరమే కాదు. పంట తగ్గదు. తగ్గనివ్వదు. మరిది కూడా చెయ్యి వేస్తాడు, నాగలి మీద, తన భుజం మీద కాదు. కమ్మరి ఇంటికి రేపే వెళ్లి మాట్లాడాలి, ఆ కర్రు పూర్తిగా అరిగిపోకముందే. ఆమె కూర్చోలేదు, నిలబడతానని మాట ఇచ్చింది. పొద్దు కొండ అంచును తాకింది. చిత్రకారుడు ఉన్న కాస్త వెలుగునూ పట్టుకోవాలని గబగబా కుంచె ఆడిస్తున్నాడు. ఇప్పుడు కళ్లు దించమని అడగలేదు. నవ్వమని అడగలేదు. ఆమె అరచేయి పిల్ల వీపు మీద బయటికే ఉంది, పగుళ్లతో సహా.

అప్పుడు అత్త లేచింది. మోకాళ్లు పట్టుకుని, నేల మీద చెయ్యి ఊని, గంప పక్కకు తోసి, మెల్లగా లేచింది. అయ్యో పెద్దమ్మా కదలొద్దు, నిన్నే గీస్తున్నాను అన్నాడు చిత్రకారుడు. అత్త బట్టలకు అంటిన మట్టి దులుపుకుని కోడలి పక్కకు వచ్చింది. మరిది నిలబడ్డ చోట కాదు, దానికి అవతల, ఆ ఖాళీని మధ్యలో ఉంచి. మెడ నొప్పి పెట్టినట్టు అటూ ఇటూ తిప్పి, తల పైకెత్తింది.

"నన్ను కూడా నిలబెట్టి గీయి," అంది.

చిత్రకారుడు నెత్తి పట్టుకున్నాడు. అంతా గీసేశానమ్మా, నువ్వక్కడ నిలబడితే ఎలా, వెనక కొండలకు అడ్డం వస్తావు అన్నాడు.

"వస్తే వచ్చాను," అంది అత్త.